గడప దాటిన కసువు

తెల్లారి ఆరున్నరకు వీధి మలుపులో ఈల వినబడుతుంది. బెంగళూరు కానీ, బళ్ళారి కానీ, హోసూరు కానీ ఆ ఈలకు ఇళ్ళల్లో జరిగే తంతు ఒక్కటే. రాత్రి మిగిలిన అన్నం, కాఫీ పిప్పి, పాల ప్యాకెట్టు, పగిలిన గ్లాసు పెంకు, మాత్రల అట్ట, పసిపిల్లవాడి డైపరు అన్నీ కలిసి ఒకే కవరులోకి దూరతాయి. మూతి ముడేసి ఆ కవరును బండిలోకి విసిరేస్తే ఇంటి పని అయిపోయినట్టే. 'పీడ వదిలింది' అనుకుంటూ తలుపు వేసుకుంటారు. నిజానికి పీడ వదల్లేదు, గడప దాటిందంతే. అది మరో ఊరికి పోతుంది, మరొకరి చేతిలో పడుతుంది. ఆ ఊరేది, ఆ చెయ్యి ఎవరిది అని ఇంటివాళ్ళు అడగనంత కాలం ఏ పట్నానికీ చెత్త బాధ తీరదు.

ఆ ఊరేదో బెంగళూరు వాసులకు 2012లో తెలిసొచ్చింది. యలహంక అవతలి మావళ్ళిపుర, పాత మద్రాసు రోడ్డు వైపు హొసకోట దారిలోని మండూరు ఏళ్ళ తరబడి మహానగరం చెత్తను మోశాయి. బావినీళ్ళు చెడిపోయాయి, ఈగలు ముసిరాయి, కంపు భరించలేక జనం ముక్కులు మూసుకుని బతికారు. ఆ ఏడు మావళ్ళిపుర గుట్ట మూతపడింది. మండూరు వాళ్ళు లారీలకు అడ్డం నిలిచారు. ఉద్యాననగరిగా పేరు మోసిన పట్నంలో వీధి చివరన చెత్త గుట్టలు లేచాయి. 2014లో మండూరు మళ్ళీ రోడ్డెక్కింది. ఆ ఏడాది చివరికి ఆ ఊరికి లారీలు ఆగిపోయాయి. చెత్త మాత్రం ఆగలేదు, లారీలు దారి మార్చుకున్నాయి. బెళ్ళహళ్ళి, మిట్టగానహళ్ళి వైపు పాత రాతి క్వారీల గుంతలు నిండడం మొదలైంది. ఒక పల్లె గెలిస్తే మరో పల్లె ఓడే ఈ ఆటలో పట్నం ఇళ్ళు మాత్రం ఎప్పటిలాగే కవరుకు ముడి వేస్తూనే ఉన్నాయి.

చెత్తగుట్ట అంటే ఊరికే పడివుండే మట్టిదిబ్బ అనుకుంటే పొరపాటు. ఇళ్ళ నుంచి వచ్చే దానిలో దాదాపు సగం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే, తడిచెత్త. కూరగాయల తొక్కలు, పండ్ల పిప్పి, మిగిలిపోయిన అన్నం కూరలే ఇందులో ఎక్కువ. గాలి తగిలేచోట ఉంటే ఇది కొన్ని వారాల్లో ఎరువైపోతుంది. అదే ప్లాస్టిక్కు కవర్ల మధ్య, గాలి చొరబడని గుట్ట అడుగున నలిగితే మీథేన్ వాయువు పుడుతుంది. ఇది మండే వాయువు. భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా ఇరవై రెట్లకు పైగా బలమైనది. 2016 జనవరిలో ముంబయి దేవనార్ గుట్ట అంటుకుని చుట్టుపక్కల పేటలను పొగ కమ్మేసింది. 2022 ఏప్రిల్‌లో చెన్నై పెరుంగుడి గుట్ట తగలబడింది. నిప్పు ఎలా మొదలైనా, దాన్ని రోజుల తరబడి ఆరనివ్వనిది గుట్ట కడుపులోని వాయువూ ప్లాస్టిక్కూనే. వాన పడితే గుట్ట నుంచి నల్లటి ఊట దిగి బావులకు, చెరువులకు చేరుతుంది. ఇదంతా మొదలయ్యేది వంటింట్లో, తడినీ పొడినీ కలిపిన ఆ ఒక్క క్షణంలోనే.

మరి చెయ్యి ఎవరిది? సరిహద్దుల అవతల తరాలుగా స్థిరపడ్డ తెలుగువారు ఈ ప్రశ్నను దాటవేయడానికి వీల్లేదు. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు చాలా ఉన్నాయి. అనంతపురం, చిత్తూరు, కోలారు పల్లెల నుంచి కరువు తరిమితే వచ్చినవారు, వారి పిల్లలు, మనుమలు ఆ పనిలో ఉన్నారు. చెన్నైలో బ్రిటిషు కాలం నుంచీ పారిశుద్ధ్య పనిలో ఉన్న ఆది ఆంధ్ర కుటుంబాలదీ తెలుగే. తమిళనాడు పడమటి జిల్లాల్లో ఇదే పని చేసే అరుంధతీయుల్లో చాలామంది ఇంటిభాషా తెలుగే. ఉగాది వేదికలపై భాష తీపిని పొగుడుకునే సంఘాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పైఅంతస్తు తెలుగింటి నుంచి కిందికి వచ్చిన కవరును విప్పేది చాలాసార్లు మరో తెలుగింటి ఆడమనిషే. 'అమ్మా, కసువు' అని ఆమె పిలిచిన మాటలో పరాయితనం ఏమీ లేదు. పరాయితనమంతా ఆమె చేతికిచ్చే కవరులోనే ఉంది.

ఆ కవరులో ఏముంటుందో ఆమెకు తెలియదు. గాజుపెంకు ఉండొచ్చు, గడ్డం గీసుకున్న బ్లేడు ఉండొచ్చు, షుగరు సూది ఉండొచ్చు. చేతితొడుగు ఇచ్చినా చిరిగిపోయి ఉండొచ్చు, అసలు ఇవ్వకపోనూవచ్చు. 'వాళ్ళకు జీతాలు ఇస్తున్నారు కదా' అని తేలిగ్గా అనేసేవారున్నారు. వీధి ఊడ్చినందుకు, బండి నడిపినందుకు జీతం. ఒకరింటి డైపరులో చెయ్యి పెట్టి పాల ప్యాకెట్టు ఏరడానికి ఎంత జీతమిస్తే సరిపోతుంది? ఇంట్లో మూడు చోట్ల మూడు వేయడానికి పట్టేది క్షణం. కలిసిపోయాక విడదీయడానికి ఒక మనిషి పూట గడవాలి. తడి అంటిన కాగితం, అట్ట అప్పటికి ఎందుకూ పనికిరాకుండా పోతాయి. ఇంటి గడపలో కాసులు తెచ్చే సరుకు, గుట్టమీద పడ్డాక రోగాలు తెచ్చే కసువు అవుతుంది.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. పట్టణ చెత్తపై కేంద్రం 2000లో నియమాలు చేసింది. మావళ్ళిపుర, మండూరు గొడవల తరువాత 2012 అక్టోబరు నుంచి బెంగళూరులో ఇళ్ళలోనే చెత్తను విడదీయాలని అప్పటి మహానగర పాలికె ఆదేశించింది. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు 'రెండు బుట్టలు, ఒక సంచి' పద్ధతిని తప్పనిసరి చేసింది. తడిచెత్తకు పచ్చబుట్ట, శానిటరీ వంటి వాటికి ఎర్రబుట్ట, పొడిచెత్తకు సంచి అని అంత స్పష్టంగా చెప్పింది. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాలు తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్త అని మూడుగా విడదీయమన్నాయి. 2026 నియమాలు వాటిని నాలుగు చేశాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. కాగితం మీద బుట్టలు పెరుగుతూ వచ్చాయి. ఇళ్ళల్లో మాత్రం చాలాచోట్ల ఇంకా ఒకే కవరు రాజ్యమేలుతోంది.

ఎందుకిలా అని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. 'మేం విడదీసి ఇస్తే ఏం లాభం? బండోడు అంతా ఒక్కటిగానే కలిపేస్తాడు' అంటారు. ఈ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. ఇంట్లో పద్ధతిగా వేరుచేసిన చెత్తను కళ్ళెదుటే ఒకే తొట్టిలో కుమ్మరించిన బండ్లు ఎన్ని ఊళ్ళల్లో కనబడవు? దానికి బండిమనిషిని తిట్టి ప్రయోజనం లేదు. అడ్డుపలక లేని బండి, తడిచెత్త తీసుకునే ఎరువు కేంద్రం లేని వార్డు, వెళ్ళినచోట అంతా ఒకే గుంత. పైవాళ్ళు చేయాల్సిన ఈ ఏర్పాట్లు చేయకుండా ఇంటివాళ్ళకు జరిమానా అనడం న్యాయం కాదు. అయితే ఆ సాకు పట్టుకుని ఇంట్లో కూర్చున్నా లాభం లేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఎవరి పిడికెడు వాళ్ళు దించుకోవాల్సిందే. పైగా తడిచెత్తను ఇంట్లోనే ఎరువు చేసుకుంటే, పొడిచెత్తను గుజరీ అంగడికి అమ్మితే, బండిలో కలిపేందుకు మిగిలేదే కొద్ది.

అసలు విడదీయడం కన్నా ముందు రావాల్సింది తగ్గించడం. ఇది తెలుగిళ్ళకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. ఒక తరం వెనక్కి పోతే చాలు. బియ్యం కడిగిన నీళ్ళు, తవుడు, కూర తొక్కలు కుడితి తొట్టిలోకి పోయేవి, అక్కణ్ణుంచి గేదె కడుపులోకి పోయేవి. పేడ, పొయ్యి బూడిద, ఊడ్చిన ఆకులు పెరటి గుంతలో మాగి ఏడాదికి ఒకసారి చేనికి చేరేవి. బీరకాయ తొక్కు పచ్చడి అయ్యేది. రాత్రన్నం పొద్దున చద్దన్నం అయ్యేది. చిరిగిన నూలుచీరలు కలిపి కుడితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ కూడా పీలికలైతే దీపానికో పొయ్యికో. నూనె డబ్బా మొక్కల తొట్టి అయ్యేది. కొబ్బరిపీచు గిన్నెలు తోమేది, చిప్ప గరిటె అయ్యేది. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె వీధిలోకి వచ్చిందంటే బేరం మధ్యాహ్నం దాకా సాగేది. ఆ రోజుల్లో ఈ పనికి పేరు లేదు. పొదుపు అనేవారు, లేకుంటే లేమి అనేవారు. లేమిని ఎవరూ తిరిగి కోరుకోనక్కర్లేదు. ఆ పొదుపులోని తెలివిని మాత్రం పోగొట్టుకోవడం నష్టం.

మారింది ఇల్లాలి గుణం కాదు, అంగట్లో సరుకు వచ్చే తీరు. శేరు లెక్కన కాగితం పొట్లంలో వచ్చిన పప్పు ఇవాళ రంగుల ప్యాకెట్టులో వస్తోంది. సీసా తీసుకెళ్తే పోసిచ్చే నూనె పౌచ్‌లో వస్తోంది. షాంపూ, కాఫీ పొడి, పచ్చడి, పాన్ మసాలా అన్నీ రూపాయి రెండు రూపాయల పొట్లాలయ్యాయి. చిప్స్ పొట్లాలు, సాచెట్ల లాంటివాటిలో ప్లాస్టిక్కునూ అల్యూమినియం రేకునూ పొరలు పొరలుగా అతికిస్తారు. వాటిని మళ్ళీ విడదీసి కరిగించడం కష్టం కాబట్టే గుజరీ అంగడివాడు వాటిని ముట్టడు. పాల ప్యాకెట్టు, నూనె డబ్బా, అట్టపెట్టె, గాజుసీసా అయితే కొంటాడు. అంగడికి వెళ్ళినప్పుడు ఈ తేడా ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. పది చిన్న పొట్లాల బదులు ఒక పెద్ద డబ్బా కొంటే చెత్తా తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. రోజుకూలి మీద బతికే ఇంటికి పెద్ద డబ్బా కొనే డబ్బు ఒకేసారి ఉండదన్నది నిజమే. కాబట్టి ఈ బాధ్యత మొదట కొనగలిగినవారిది, సాచెట్లు అమ్ముకునే కంపెనీలది.

ప్లాస్టిక్కు కవర్లపై నిషేధాలకు కొదవ లేదు. కర్ణాటక 2016 మార్చిలో నిషేధించింది. మహారాష్ట్ర 2018లో ప్లాస్టిక్కుతో పాటు థర్మోకోల్ సామాన్లపైనా వేటు వేసింది. ఒడిశా అదే ఏడాది గాంధీ జయంతి నుంచి బరంపురం సహా 6 పట్టణాల్లో పాలిథిన్‌ను ఆపింది. తమిళనాడు 2019 జనవరి 1 నుంచి 14 రకాల ప్లాస్టిక్కు సామాన్లను వద్దంది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాల వంటివాటిపై దేశమంతటా నిషేధం వచ్చింది. అదే ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని చేతిసంచులూ చెల్లవన్నారు. అయినా సరిహద్దు పట్నాల సంతల్లో పలుచని కవరు పోలేదు. ఈ రాష్ట్రంలో తనిఖీ ఉంటే ఆ రాష్ట్రం నుంచి వస్తుంది. చెక్‌పోస్టు దాటడానికి కవరుకు లైసెన్సు అక్కర్లేదు. కొనేవాడు 'కవరియ్యి' అని అడుగుతున్నంత కాలం అమ్మేవాడు ఎక్కణ్ణుంచైనా తెస్తాడు.

ఈ విషయంలో తమిళనాడు ఒక మంచిదారి పట్టింది. 2021 డిసెంబరులో 'మీండుం మంజప్పై' పేరుతో పసుపు గుడ్డసంచిని మళ్ళీ వాడుకలోకి తెచ్చే ప్రచారం మొదలుపెట్టింది. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో తాంబూలంతో పాటు ఇచ్చే పసుపుసంచి అది. చాలాకాలం పల్లెటూరి మనిషికి గుర్తుగా, ఎగతాళిగా మిగిలింది. దానికే మళ్ళీ గౌరవం తేవాలన్నది ఆ ప్రయత్నం. చిత్తూరు వైపు, హోసూరు వైపు తెలుగిళ్ళకు ఆ సంచి కొత్తది కాదు. అలమర వెనక ఇంకా ఒకటో రెండో ఉండే ఉంటాయి. వాటిని తలుపు పక్క మేకుకు తగిలించి, ఒకటి బండి డిక్కీలో పెట్టుకుంటే కవరు అడిగే అవసరమే రాదు. మాంసానికీ చేపలకూ మూతగిన్నె, హోటలు సాంబారుకు క్యారియరు తీసుకెళ్ళడం నామోషీ అనుకునే రోజులు పోవాలి.

ఇక వంటింట్లో పని. తడిచెత్తను ఎరువు చేయడానికి పెరడు ఉండాలన్న నియమం లేదు. అపార్టుమెంటు బాల్కనీలో పెట్టిన బక్కెట్టో మట్టికుండో చాలు. పక్కలకూ అడుగునా చిల్లులు పొడవాలి, అడుగున ఒక పళ్ళెం పెట్టాలి. మొదట ఎండుటాకులో కొబ్బరిపీచు పొట్టో పరవాలి. రోజూ కూరగాయ తొక్కలు చిన్న ముక్కలుగా వేసి, పైన గుప్పెడు ఎండు పొట్టు చల్లాలి. మొదట్లో కాస్త పుల్లమజ్జిగో పేడనీళ్ళో చిలకరిస్తే మాగడం త్వరగా అందుకుంటుంది. వారానికి రెండుసార్లు కలియబెట్టాలి. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైందన్నమాట, ఇంకాస్త ఎండు ఆకు వేస్తే సరిపోతుంది. ఎండిపోతే కొద్దిగా నీళ్ళు చల్లాలి. ఎముకలు, నూనెలో మునిగిన కూరలు వేయకపోవడం మంచిది. బక్కెట్టు నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెడితే, ఒకటిన్నర రెండు నెలల్లో మొదటిది నల్లటి మట్టిలా, వానకు తడిసిన నేల వాసనతో తయారవుతుంది. తులసికీ, కరివేపాకుకూ అంతకన్నా మంచి ఎరువు లేదు. ఒక ఇంట్లో రోజుకు కిలో తడిచెత్త వస్తుందనుకున్నా, ఏడాదికి 365 కిలోలు లారీ ఎక్కకుండా ఆగినట్టే. వంద ఇళ్ళ వీధి అయితే 36 టన్నులకు పైమాటే.

పొడిచెత్తకు ఒక గోనెసంచి చాలు. నియమమల్లా ఒక్కటే, అందులో పడేది తడిగా జిడ్డుగా ఉండకూడదు. పాల ప్యాకెట్టును గిన్నెలు కడిగిన నీళ్ళతోనే ఒకసారి జాడించి ఆరేస్తే కొనేవాడు దొరుకుతాడు. ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా తెగిపోకుండా కొసన వేలాడనివ్వాలి. తెగిపడ్డ ఆ చిన్నముక్కను ఏ చెయ్యీ ఏరలేదు. అది కాలవలోకి పోతుంది, పశువు కడుపులోకి పోతుంది. పేపర్లు, అట్టలు, సీసాలు నెలకోసారి గుజరీకి వేస్తే చేతికి నాలుగు రూపాయలు వస్తాయి. కుక్కరు రబ్బరు, మిక్సీ బుష్, గొడుగు కమ్మి, తెగిన చెప్పు బాగుచేయించుకోగలిగినవే. వీధి మలుపులో కూర్చున్న చెప్పులు కుట్టే మనిషీ, మిక్సీ బాగుచేసే కుర్రాడూ చేస్తున్నది కూడా చెత్త తగ్గించే పనేనని గుర్తించాలి.

మూడోది శానిటరీ చెత్త. డైపర్లు, ప్యాడ్లు, కట్టుగుడ్డలు వేరుగా పాత పేపర్లో చుట్టి, పైన ఎర్రగుర్తు పెట్టి ఇవ్వాలి. ఆ గుర్తు చూసి పొట్లం విప్పకుండా పక్కన పెడతారు. అది ఒక మనిషికి ఇచ్చే కనీస మర్యాద. నాలుగోది ప్రత్యేక జాగ్రత్తవి. కాలం చెల్లిన మందులు, సూదులు, బ్లేడ్లు, బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, రంగు డబ్బాలు ఇందులోకి వస్తాయి. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి పగలనివ్వరాదు. సూదులూ బ్లేడ్లూ మూత గట్టిగా ఉండే డబ్బాలో వేసి, నిండాక పేరు రాసి అప్పగించాలి. వీటికి ఒక అట్టపెట్టె అటక మీద పెట్టుకుంటే ఏడాదికి రెండు మూడుసార్లు ఇస్తే సరిపోతుంది. పనికిరాదని కవర్లను నీళ్ళపొయ్యిలో వేసి కాల్చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ పొగ ముందు పోయేది ఆ ఇంటి పిల్లల ఊపిరితిత్తుల్లోకే.

తిరిగి వాడుకోవడంలోనూ తెలివి కావాలి. అచ్చు సిరాలో ఆరోగ్యానికి చేటు చేసే పదార్థాలుంటాయని, వేడివేడి బజ్జీలూ వడలూ పేపర్లో చుట్టి ఇవ్వవద్దని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2023లో మరోసారి హెచ్చరించింది. హోటలు నుంచి వచ్చిన పలుచని ప్లాస్టిక్కు డబ్బాలో వేడి కూర పోయడం, తాగిపారేసిన నీళ్ళ సీసాను నెలల తరబడి వాడటం పొదుపు అనిపించుకోవు. అవి మేకులకో, గింజలకో, మొక్కల నారుకో వాడుకోవాలి. పొట్టలోకి పోయేదానికి గాజు, స్టీలు, మట్టి మేలు.

పండగలూ పబ్బాలూ వస్తే ఇంటి లెక్క తలకిందులవుతుంది. ఒక్క పెళ్ళిలో పోగయ్యే గ్లాసులు, ప్లేట్లు, నీళ్ళ సీసాలు వీధి మొత్తానికి వారం చెత్త. వందమందికి పైగా చేరే కార్యం ఉంటే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలని, చెత్త విడదీసి ఇవ్వాలని 2016 నియమాలు అన్నాయి. ఎంతమంది పెళ్ళిపెద్దలు ఆ పని చేశారో లెక్క తీస్తే నవ్వొస్తుంది. పైపొర నిగనిగలాడే కాగితం ప్లేట్లకు తరచూ ప్లాస్టిక్కు పూత ఉంటుంది, అవి మట్టిలో కలవవు. అరిటాకు, మోదుగాకు విస్తరి కలుస్తాయి. ఉత్తరాంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో గిరిజన మహిళలు అడ్డాకుల్ని వెదురుపుల్లలతో కుట్టి విస్తళ్ళు చేస్తారు. ఒడియాలో ఆ ఆకును సియాలి అంటారు. బరంపురంలో జరిగే పెళ్ళికి ఆ విస్తళ్ళు కొంటే చెత్తా మిగలదు, కొండమీది ఇంటికి రాబడీ దక్కుతుంది. స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చుకుంటే కడిగేవాళ్ళకు కూలీ దొరుకుతుంది.

ఇన్ని పనులు చెప్పి అన్నీ ఇల్లాలి నెత్తిన పెడితే అది అన్యాయం. బండి ఈల వినగానే పరుగెత్తేది ఆమే, బుట్టలు కడిగేదీ ఆమే. సంసారంలో చెత్త చేసేవాళ్ళు అందరూ, తీసేది ఒక్కరూ అంటే కుదరదు. ఎరువు బక్కెట్టు కలియబెట్టడం పిల్లల పని, గుజరీకి చేరవేయడం మగవాళ్ళ పని, సంచి పట్టుకుని అంగడికి పోవడం అందరి పని అని ఇంట్లో పంచుకోవాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లోనే పని పంచుకోనివాళ్ళు వార్డు సభలో ఎవర్ని నిలదీస్తారు?

ఇది జరిగే పనే అనడానికి దాఖలాలున్నాయి. ఇప్పుడు తెలంగాణలో ఉన్న సూర్యాపేట 2000ల తొలి ఏళ్ళలోనే ఇంటింటికీ రెండు బుట్టల పద్ధతి తెచ్చి, వీధి కుండీలు తీసేసి దేశం దృష్టిని ఆకర్షించింది. పుణెలో చెత్త ఏరుకునే మహిళలు సహకార సంఘంగా ఏర్పడి, 2008లో నగర పాలక సంస్థతో ఒప్పందం చేసుకుని, ఇళ్ళ నుంచి నెలనెలా రుసుము తీసుకుని గౌరవంగా పనిచేస్తున్నారు. ఆ సంఘం పేరు స్వచ్ఛ్. బెంగళూరులో చెత్త ఏరుకునేవారికి 2011లో గుర్తింపు కార్డులొచ్చాయి. వార్డుల్లోని పొడిచెత్త కేంద్రాలు కొన్నింటిని వారే నడిపే స్థాయికి ఎదిగారు. ఒడిశా పట్టణాల్లో చిన్నచిన్న ఎరువు కేంద్రాల నిర్వహణ మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పజెప్పారు. ఎక్కడ చూసినా గెలుపు రహస్యం ఒక్కటే. ఇంటివాళ్ళు విడదీశారు, తీసుకెళ్ళేవాళ్ళకు మర్యాదా రాబడీ దొరికాయి.

కాబట్టి స్థానిక సంస్థలను అడగాల్సినవి సూటిగా అడగాలి. బండికి తడికీ పొడికీ వేరు అరలుండాలి. అవి వచ్చే వేళ ముందే తెలియాలి. ఉద్యోగానికి పోయేవాళ్ళు ఆ వేళ తప్పితే చెత్త ఎక్కడ ఇవ్వాలో చెప్పాలి. వార్డుకో ఎరువు కేంద్రం, పొడిచెత్త కేంద్రం కావాలి. కార్మికులకు చేతితొడుగులు, బూట్లు, వేళకు జీతం, సెలవు ఉండాలి. తెలుగువారు ఎక్కువున్న వార్డుల్లో ఏ బుట్టలో ఏది వేయాలో చెప్పే కరపత్రం రాష్ట్ర భాషతో పాటు తెలుగులోనూ వేయాలి. కన్నడం, తమిళం, ఒడియా ధారాళంగా మాట్లాడినా చదవడం రాని పెద్దవాళ్ళు ఈ ఇళ్ళల్లో ఉన్నారు. వంటింటిని నడిపేది చాలావరకు వాళ్ళే. తెలుగు సంఘాలూ తమ వంతు అందుకోవాలి. సంక్రాంతి ముగ్గుల పోటీకి ఇచ్చే బహుమతిలో ఒక గుడ్డసంచి చేర్చడం, సంఘం భోజనాల్లో ప్లాస్టిక్కు గ్లాసు మానడం పెద్ద ఖర్చు కాదు. వార్డు పౌరకార్మికులను వేదిక మీదికి పిలిచి వాళ్ళు చెప్పేది వినడం అంతకన్నా ముఖ్యం.

గోదావరి పాయ పక్కనున్న యానాంలో కవరు విసిరితే అది ఏటిలోకి పోతుంది, కోలారులో విసిరితే చెరువులోకి, షోలాపూర్‌లో విసిరితే మురుగు కాలవలోకి పోతుంది. రాష్ట్రాలు వేరు, పాలికెలు వేరు, బండ్లు వేరు. వంటిల్లు మాత్రం ఒక్కటే. రేపు పొద్దున ఈల వినబడినప్పుడు ఒక కవరు బదులు మూడు బుట్టలు గడప దగ్గర ఉంటే, ఎర్రగుర్తు పొట్లం విడిగా ఉంటే, దాన్ని అందుకునే మనిషి ముఖంలోకి ఒకసారి చూసి ఇస్తే, మండూరు లాంటి మరో పల్లెకు పోయే లారీలో కొంత బరువు తగ్గుతుంది. ఆ కొంతే వీధి వీధినా తగ్గితే ఆ లారీ అక్కడిదాకా పోవాల్సిన పనే ఉండదు.